సెలవు నాటి సమ్మె

ఆసుపత్రి కౌంటరులో కూర్చున్న కుర్రాడు బాలన్న ఇకామా నంబరును కంప్యూటరులో కొట్టి, తల అడ్డంగా ఊపాడు. "ఖలాస్" అన్నాడు. ఇకామా అంటే అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కార్డు, దాని గడువు దాటితే ఇన్సూరెన్సు కూడా పోతుంది. అవి రెండూ పోయిన మనిషి బతికి ఉన్నా సౌదీలో లెక్కకు రాడు. పైపులైను కందకంలో కూలబడ్డవాణ్ని తోటి కూలీ నాగేందర్ వీపున మోసుకొచ్చాడు. బాలన్న కాళ్ళు వాచిపోయాయి, ఊపిరి అందడం లేదు.

"సార్, సస్తున్నడు సార్!" అని నాగేందర్ మొదట తెలుగులో అరిచాడు, తర్వాత గుర్తొచ్చి హిందీలో అరిచాడు. ఏ భాషలో అరిచినా జవాబు ఒక్కటే. కంపెనీ వాళ్ళను తీసుకురా, ఇకామా తీసుకురా. కాసేపటికి సెక్యూరిటీవాడు వచ్చి ఇద్దరినీ మర్యాదగానే గేటు బయట దిగబెట్టాడు. బయట కూలీల బస్సు దగ్గర డ్రైవరు మతీన్ సిగరెట్ తాగుతున్నాడు.

"వాపసేనా?" అని అడిగాడు మతీన్.

"నీకు ముందే ఎరుకనా ఏంది?" అన్నాడు నాగేందర్, కళ్ళు చిట్లించి. మతీన్ సిగరెట్ తొక్కేసి బస్సెక్కాడు.

ఇది రెండు వేల పద్దెనిమిది నాటి సంగతి. అల్ ఖర్జ్ చేరువలో, పాల ఫారాలకు పోయే రోడ్డు పక్కన వాళ్ళ క్యాంపు. సౌదీ వాళ్ళను తగినంత మందిని పనిలో పెట్టుకోని కంపెనీకి నితాకాత్ లెక్కలో ఎర్ర రంగు పడుతుంది. ఎర్రలో పడ్డ కంపెనీ ఎవరి ఇకామానూ రెన్యువల్ చేయించలేదు. దానికి తోడు పరాయి దేశపు కూలీ తలకు ఇంతని కొత్త లెవీ వచ్చింది. కాంట్రాక్టరు అది కట్టలేదు, సౌదీ వాళ్ళనూ పెట్టుకోలేదు. తప్పు వాడిది, దొంగలా తల దాచుకోవలసింది కూలీ! అడిగితే వాడి మేనేజరు, ముదీర్, "బుక్రా" అనేవాడు. రేపు అని అర్థం. ఎన్నాళ్ళు గడిచినా ఆ రేపు మాత్రం రాలేదు.

బాలన్న కోరుట్ల దగ్గరి పల్లె మనిషి. నాగేందర్‌ను గల్ఫ్‌కు తెచ్చినవాడూ, మొదటి నెలలో తన పక్కన పడుకోబెట్టి అన్నం తినిపించినవాడూ ఆయనే. ఇప్పుడు ఆయనకు ఒక్కటే కోరిక. "ఎగ్జిట్ కొట్టియ్యుమను బిడ్డా. మా ఊరి దవాఖానల వడ్త. బతికితె బతుకుత, లేకుంటె నా ఇంట్ల సస్త." దేశం దాటనిచ్చే ఎగ్జిట్ ముద్ర కొట్టాలంటే ఇకామా బతికుండాలి, పాస్‌పోర్టేమో ముదీర్ బీరువాలో ఉంది. ఆ మనిషిని బతికుండగా ఇల్లు చేర్చాలి. నాగేందర్‌కు ఇంకే ధ్యాసా లేకుండా పోయింది.

నోరు తెరిచి నలుగురితో మాట్లాడదామంటే క్యాంపులో గాలికి కూడా చెవులున్నాయి. సాయంత్రం వంటగదిలో ఎవడైనా "లేబర్ ఆఫీసుకు పోదామా" అంటే, తెల్లారేసరికి వాడి పేరు ముదీర్ నోట్లో ఉండేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. మనుషులు కూర వండుకుంటూ కూడా పక్కవాడి కళ్ళలోకి చూడడం మానేశారు. కరీంనగరోళ్ళ మెస్సు ఒకవైపు, హైదరాబాదు సాయిబుల మెస్సు ఒకవైపు. రెండు పొయ్యిల నడుమ ఒక గోడ లేచినట్టే అయింది.

నాగేందర్ అనుమానమంతా మతీన్ మీదే. ఎందుకుండదు? మతీన్ పొద్దునా సాయంత్రమూ కూలీల బస్సు నడుపుతాడు, మధ్యాహ్నం ఫ్రాన్సు ఇంజనీరు కారు నడుపుతాడు. ఆఫీసులో చాయ్ తాగుతాడు. అరబ్బీ గడగడా మాట్లాడతాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ ఇంజనీరును మనవాళ్ళు "ఫ్రాన్సు దొర" అనేవాళ్ళు. ఆ దొర దేశం కథంతా ఆ ఏడాది మతీన్ నోటి నుంచే క్యాంపుకు చేరింది. ఎండాకాలం మొదట్లో అక్కడ రైళ్ళు నడిపేవాళ్ళు సమ్మె చేశారు, దొర కారులో కూర్చుని వాళ్ళను తిట్టని తిట్టు లేదు. జూలైలో వాళ్ళ దేశం ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. ఆ మర్నాడు దొర కందకంలోకి దిగి మట్టిచేతుల కూలీలను వాటేసుకున్నాడు. "చూసినవా, ఎంత మంచోడో!" అని మనవాళ్ళు మురిసిపోయారు. నాగేందర్ మాత్రం "కప్పు గెలిచినోడు అందర్నీ వాటేసుకుంటడు. ఇకామా అడుగు, అప్పుడు జూడు" అన్నాడు. నవంబరు వచ్చేసరికి దొర నవ్వు పోయింది. డీజిలు మీద పన్ను పెంచారని అక్కడి జనం పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు. శనివారం శనివారం ఊళ్ళు స్తంభించిపోతున్నాయి.

మతీన్ ఆ వీడియోలు ఫోనులో తెచ్చి వంటగదిలో చూపించాడు. అందరూ గరిటెలు వదిలి మూగారు. తెల్లవాళ్ళు, ముసలమ్మలు, లారీ డ్రైవర్లు. ఒంటి మీద ఉన్నవి మనవాళ్ళు పొద్దున లేస్తే తొడుక్కునే జాకెట్లే.

"అరె, గివి మనయే గదరా!" అన్నాడు ఒకడు.

"డిసెంబర్ల సర్కారు ఆ పన్ను ఆపేసిందట భాయ్. సర్కారే దిగింది" అన్నాడు మతీన్.

అందరి కళ్ళూ మెరిశాయి. నాగేందర్ కళ్ళు మాత్రం మతీన్ ముఖం మీదే ఉన్నాయి. వీడు ఇవన్నీ మనకెందుకు చూపిస్తున్నాడు? ఎర వేస్తున్నాడా? ఎవడు ఎగురుతాడో చూసి పేర్లు చేరవేస్తాడా?

అయినా మాట అంటుకుంది. వాదం లేచింది. సమ్మె చేస్తే తర్హీల్ జైల్లో పడేసి, వేలిముద్రలు తీసుకుని పంపేస్తారని ఒకడు. "పంపితె ఇంటికే గదా, పంపనీయ్" అని ఇంకొకడు. "ఉత్త చేతుల్తోని పోతె నీ పెండ్లం చాటతోని గొడ్తది" అని మూడోవాడు. మంచం మీంచి బాలన్న దగ్గుతూ "ఎన్నడు చేస్తర్రా, ఏ దినం?" అని అడిగాడు.

అక్కడే మనవాళ్ళు తప్పులో కాలేశారు. ఫ్రాన్సువాళ్ళు సెలవు రోజున కూర్చున్నారు, గెలిచారు. మనకు సెలవంటే జుమ్మా. కాబట్టి జుమ్మా నాడే కూర్చుందామన్నారు. ఎవడికీ ఇంకో ఆలోచన రాలేదు. పని ఎగ్గొట్టినట్టు కూడా ఉండదు, పాము చావదు కర్ర విరగదు అనుకున్నారు.

శుక్రవారం పొద్దున జాకెట్లు తొడుక్కుని గేటు ముందు కూర్చున్నారు. ఆఫీసుకు తాళం. ముదీర్ ఎక్కడో బంధువుల ఇంట్లో విందులో ఉన్నాడు. రోడ్డు మీద ఒక్క కారు లేదు. బంగ్లాదేశ్ వాచ్‌మన్ జాలిపడి చాయ్ కాచి పోశాడు. కాసేపటికి సాయిబులందరూ నమాజుకు లేచారు, మతీన్ కూడా వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో ఒకడికి బట్టల సబ్బు గుర్తొచ్చింది, ఇంకొకడికి వంట వంతు గుర్తొచ్చింది. మధ్యాహ్నానికి గేటు ముందు నాగేందరూ, వీధి పిల్లీ మిగిలారు. ఓరి దేవుడా, అంత సమ్మె చేసి చాయ్ తాగి లేచారు!

నవ్వుకుని మరిచిపోవలసిందే. కానీ శనివారం పొద్దున ముదీర్ వచ్చీ రాగానే నాగేందర్ ఛాతీ మీద వేలు పెట్టాడు. "నువ్వు కల్ గేట్ పే లీడర్? ఇంకోసారి కూర్చో, హురూబ్!" అన్నాడు. హురూబ్ అంటే కూలీ పారిపోయాడని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడం. అది పడ్డవాడు కంటపడితే జైలే. పేర్లు తెలియని వాచ్‌మన్ తప్ప గేటు దగ్గరికి ఈగ కూడా రాలేదు, మరి వీడికెవడు చెప్పాడు?

ఆ సాయంత్రం బస్సు కడుగుతున్న మతీన్ కాలరు పట్టుకున్నాడు నాగేందర్. "నమాజుకు పోయినవా, ముదీర్ ఇంటికి పోయినవా? నిజం జెప్పు!"

మతీన్ బకెట్ కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది. "ఛోడ్! నా ఇకామా మీకన్న ముందే ఖతమైంది, ఎరుకనా? రోజూ చెక్‌పోస్టు కాడ నా పాణం గుప్పిట్ల వెట్టుకోని మిమ్మల్ని మోస్తున్న. ఆఫీసుల చాయ్ తాగుతున్నననే జూసినవు. నా పాస్‌పోర్టు గూడ అదే బీరువల ఉన్నదని అడిగినవా ఎన్నడన్న?"

నాగేందర్ చెయ్యి దానంతటదే జారింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ళూ ఒక్క బస్సులో తిరిగారు. ఈ మాట అడగాలని ఒక్కనాడు తట్టలేదు.

"సెలవు దినమని కాదన్నా వాళ్ళు గెలిచింది" అన్నాడు మతీన్ నెమ్మదించి. "దువ్వార్ల కాడ కూసున్నరు, చౌరస్తాలు బంద్ వెట్టిన్రు. సరుకు లారీలాగినయ్, ఆడ సర్కారుకు నొప్పి లేచింది. మనం మన గేటుకాడ కూసుంటె ఏం ఆగింది? మన కూర ఆగింది."

నాగేందర్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బస్సు నీడలో ఇద్దరూ నిర్ణయం చేసుకున్నారు. ఈసారి ఎవరికీ చెప్పరు. బస్సు కదిలాకే చెబుతారు.

మర్నాడు పొద్దున బాలన్నను కూడా ఎత్తి బస్సులో కూర్చోబెట్టారు. నడవలేని మనిషైనా కందకం పక్కన కూర్చోకపోతే ఆబ్సెంట్ వేసే కంపెనీ అది. పాల ఫారాల రోడ్లు కలిసే దువ్వార్ అనే గుండ్రటి కూడలి దగ్గర మతీన్ బస్సు అడ్డంగా ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నాగేందర్ సీట్ల మధ్య నిలబడ్డాడు.

"అన్నలారా, ఈడ్నే దిగుతున్నం. బాలన్నకు ఎగ్జిట్, అందరికి ఇకామా. లేబర్ ఆఫీసరు వచ్చేదాంక లేవం. భయమైనోళ్ళు బస్సులనే కూసోన్రి, ఎవన్నీ ఏమనం."

సీట్లు కిర్రుమన్నాయి. బాలన్నను కూడా ఎత్తి దించారు, బస్సులో ఒక్కడు మిగల్లేదు.

పసుపుపచ్చ జాకెట్లు రోడ్డంతా పరుచుకున్నాయి. వెనక పాల లారీలు వరుసకట్టి హారన్లు మోగించాయి. పాలు ఆగితే విరుగుతాయి. విరిగితే పెద్దవాళ్ళకు కడుపు కాలుతుంది. ఫ్రాన్సు దొర కారు కూడా ఆ వరుసలో చిక్కుకుంది. అద్దం దించి చూసి "ఇక్కడ కూడానా!" అన్నట్టు తల పట్టుకుని, అద్దం ఎత్తేసుకున్నాడు. ఆ రోజు ఎవర్నీ వాటేసుకోలేదు.

ముదీర్ వచ్చాడు, వెనకే పోలీసు జీపు వచ్చింది. వాడు తిట్టలేదు. పాము లాంటి నవ్వు నవ్వి, జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీశాడు. "బాలన్నా, ఆవో. గాడీ మే బైఠో. ఎగ్జిట్ ఈరోజే." మళ్ళీ జనం వైపు తిరిగాడు. "ఈయన నా మనిషి. మీ పేర్లన్నీ నాకు చెప్పింది ఎవరు? పూఛో ఇస్‌కో!"

బాలన్న తల ఎత్తలేదు. "నిజమే బిడ్డా" అన్నాడు. "ఎగ్జిట్ ఇస్తనన్నడు. ఫోన్ జేస్తె చాలన్నడు. నాకు సావు భయం వట్టింది."

నాగేందర్ ఒక్క అంగలో బాలన్న ముందుకు వచ్చాడు. తనకు అన్నం పెట్టిన చెయ్యి! చెయ్యెత్తాడు కూడా. మతీన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. దొంగ అనిపించుకున్న మతీనే పట్టుకున్నాడు.

"ఆగన్నా. దవాఖాన గేటు కాడికెళ్ళి వాపస్ దెచ్చి మనమేం జేసినం? మంచం మీద పండవెట్టి ఎవనింట్ల వాడు గోడ కట్టుకున్నం. ముసలోడు ఒంటిగ ముదీర్‌కు దొరికిండు."

నాగేందర్ ముదీర్‌ను చూశాడు, వాడి చేతిలో పాస్‌పోర్టును చూశాడు, తెరిచిన కారు తలుపును చూశాడు. ఇన్నాళ్ళ అనుమానం అప్పుడు పడవలసిన చోట పడింది.

"ఈ కారు ఏర్‌పోర్టుకు పోతదో, తర్హీల్‌కు పోతదో ఎవరికెరుక?" అని గట్టిగా అరిచాడు. "మేం అడిగినదాంట్ల బాలన్న పేరే ముందుగాల ఉన్నది, ఇప్పుడు గూడ ఆయన పేరే ముందు. పాస్‌పోర్టు ఈడ్నే, అందరి ముందట, ఆయన చేతుల వెట్టు. ఒంటిగ ఒక్కన్ని గూడ పంపం!"

"పంపం!" అంది రోడ్డు.

పోలీసు అధికారి విసుగ్గా అడిగాడు, లీడరు ఎవరని. ముదీర్ బాలన్న భుజం మీద చెయ్యి వేశాడు. పాస్‌పోర్టు తెరిచి ఆయన ముక్కు ముందు ఆడించాడు. "ఈయన చెప్తాడు. బోలో."

బాలన్న ఊపిరి కోసం కాసేపు వెతుక్కున్నాడు. పాస్‌పోర్టులోని తన ఫోటోను చూశాడు. "నాకెరుక లేదు సారూ" అన్నాడు. తర్వాత ముదీర్ చెయ్యి తీసేసి, కాళ్ళీడ్చుకుంటూ నాగేందర్ పక్కకు వచ్చి చతికిలబడ్డాడు.

బస్సు అడ్డం పెట్టింది ఎవరో చెప్పడానికి మాత్రం సాక్షి అక్కర్లేదు. మతీన్ చేతులకు బేడీలు పడ్డాయి. జీపు ఎక్కుతూ "అరె భాయ్, మళ్ళ జుమ్మా నాడు కూసునేరు, ఖబర్దార్!" అని నవ్వాడు. జనం నవ్వారు, ఏడ్చారు. జీపు పోయింది. మతీన్ విడుదల కూడా అడగవలసినవాటిలో చేరింది. ఎవరూ లేవలేదు.

అప్పుడు ముందున్న పాల లారీ ఇంజను ఆగింది. గడ్డం తెల్లబడ్డ పఠాన్ డ్రైవరు దిగి, టోపీ సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నాగేందర్ అలవాటుగా అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఎవడు వీడు? ఎవడు పంపాడు?

"మేరా ఇకామా భీ ఖతం" అన్నాడు ఆ ముసలి డ్రైవరు.

నాగేందర్ జరిగి, అతనికి చోటిచ్చాడు.