నెస్టర్ ఎత్తిన చెయ్యి

స్కేటు అంచు మీద సానరాయిని అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు నడిపి, బొటనవేలి గోటితో పదును చూశాడు నెస్టర్ బిలిన్‌స్కీ. గోటి మీద సన్నగా తెల్లటి పొడి లేచింది. చాలనుకుని రెండోది అందుకున్నాడు. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద నల్లతాళ్ళు, ఇస్త్రీ చేసిన చారల చొక్కా, చొక్కా మీద ఈల. యాభై మూడేళ్ళ మనిషి, పొట్టిగా, మెడ ఉందా లేదా అన్నట్టుంటాడు. ఎడమ కనుబొమ్మ మీద ఏడు కుట్ల మచ్చ. ముప్పై ఏళ్ళు ఉత్తరాల సంచీ మోసి మోసి కుడి భుజం కిందికి వాలింది. వెనకనుంచి చూసినా ఆ భుజాన్ని బట్టి మనిషిని పోల్చుకోవచ్చు.

"ఆ నీలం మఫ్లర్ వద్దు," అంది భార్య స్టెఫా, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే.

"చలిగా ఉందే."

"అవతలి జట్టు రంగు అది. ఊరు ఊరంతా దాన్ని పట్టుకు వేలాడుతుంది. గోధుమరంగుది కట్టుకో."

నెస్టర్ గోధుమరంగుది కట్టుకున్నాడు.

కాస్టర్ ఫాల్స్‌లో అతను వారానికి ఐదు రోజులు పోస్ట్‌మాన్. శని ఆదివారాలు మాత్రం, ఉత్తర ఒంటారియో మిల్లు ఊళ్ళలో జీతాలిచ్చి ఆడించే చిన్న లీగ్‌లో ఐస్ హాకీ రెఫరీ. ఇరవై ఆరేళ్ళు చేశాడు. ఈ శనివారం మధ్యాహ్నం ఆటతో సరి. లీగ్ వాళ్ళకి ఏం దయ పుట్టిందో, ఆఖరి ఆట సొంత ఊళ్ళో వేశారు. పదిహేడేళ్ళుగా ఆ ఊరి ఆటకి అతణ్ణి పంపలేదు. పంపితే తిరిగి క్షేమంగా ఇల్లు చేరడని వాళ్ళ భయం, అతని ఇల్లు అక్కడికి నాలుగు వీధుల అవతలే అయినా.

డెబ్బై ఒకటి వసంతంలో సొంత ఊరి జట్టు ఆడిన ఫైనల్. రావలసిన రెఫరీ మంచుతుఫానులో రైల్లో ఇరుక్కుపోతే, ఊళ్ళో ఉన్నాడు కదా అని నెస్టర్‌ని దింపారు. మొదటి ఈల నుంచే అవతలివాళ్ళు అందుకున్నారు: వీళ్ళ పోస్ట్‌మాన్‌ని తెచ్చి మా నెత్తిన పెట్టారని. అతను వాళ్ళలో ఇద్దరికి పెనాల్టీ ఇచ్చాడు, రెండూ న్యాయమైనవే. రెండోదానికి వాళ్ళ కోచ్ అరవను కూడా అరవలేదు. పక్కనుంచి పోతుంటే మెల్లగా, "రాత్రికి మీ ఆవిడ మంచి భోజనం పెడుతుందిలే," అన్నాడు. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. ఆట ఇంకో రెండు నిమిషాలుంది, మూడు మూడు మీద ఉంది. గోడవారగా మలుపు తిరుగుతున్న, ఊరి జట్టులోని గార్నెట్ మక్‌ఫీ కర్ర భుజం ఎత్తుకి లేచింది. అవతలివాడు మొహం పట్టుకుని పడ్డాడు. కర్రకీ మొహానికీ మధ్య జానెడు ఎడం ఉంది. నెస్టర్ చూశాడు. చూసి కూడా పెనాల్టీకి చెయ్యెత్తాడు. గార్నెట్ రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నాడు, ఊరి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడింది, గోల్ పడింది, కప్పు పోయింది. మళ్ళీ ఈనాటికీ రాలేదు.

దాన్ని రెఫరీలు సమం చెయ్యడం అంటారు. ఇటు ఇచ్చాం కాబట్టి అటు ఒకటి. అందరూ చేస్తారు, ఎవరూ చేశామనరు. మర్నాడు లీగ్ పెద్ద ఫోన్ చేసి ఏం చూశావని అడిగాడు. తగిలింది అన్నాడు నెస్టర్. "సరే. ఇక ఎవరితోనూ మాట్లాడకు. రెఫరీ సంజాయిషీ ఇవ్వడు, ఇవ్వాల్సొస్తే లీగ్ ఇస్తుంది," అన్నాడు ఆయన. లీగ్ ఎవరికీ ఇవ్వలేదు. ఆ నియమాన్ని నెస్టర్ దుప్పటిలా తలమీదుగా కప్పుకుని పదిహేడేళ్ళు పడుకున్నాడు.

ఊరు ఊరుకుంటుందా మరి. ఉత్తరం ఆలస్యమైతే "రెండు నిమిషాలు, నెస్టర్." కాఫీలో చక్కెర ఎక్కువ వేసుకుంటే "రెండు నిమిషాలు." చర్చిలో ఒప్పుకోలుకి వెళ్తే ఫాదర్ అంతా విని, "ఇంకేమైనా ఉందా, నాయనా?" అని ఓ క్షణం ఎక్కువే ఆగేవాడు. సగం ఊరు నెస్టర్‌ని తిట్టింది, మిగతా సగం గార్నెట్‌ని: ఆఖరి నిమిషాల్లో కర్ర ఎత్తే బుద్ధి ఎవడికుంటుందని. నెస్టర్‌ని వెనకేసుకొచ్చింది ఒకే ఒక్కడు, గార్నెట్ తండ్రి అంగస్.

స్కేట్ల సంచీ భుజాన వేసుకుని నెస్టర్ ముందు ఆసుపత్రికి నడిచాడు. అంగస్‌కి ఎనభై నాలుగేళ్ళు. కాగితం మిల్లు దుమ్ము నలభై ఏళ్ళు పీల్చిన ఊపిరితిత్తులు ఇక మావల్ల కాదంటున్నాయి. దారిలో అంగస్ పాత ఇల్లు వచ్చింది. పెరడు ఇప్పుడు ఎవరో కారు పెట్టుకునే చోటు. ఒకప్పుడు అంగస్ మిల్లు నుంచి రాగానే, టీ కూడా తాగకుండా గొట్టంతో ఆ పెరడంతా నీళ్ళు పట్టేవాడు. తెల్లారేసరికి గట్టి మంచు. వీధిలో పిల్లలంతా అక్కడే. ఎనిమిదేళ్ళ నెస్టర్ రెండు సైజులు పెద్ద స్కేట్లలో వార్తాపత్రికలు కుక్కుకుని వచ్చేవాడు. తడిసిన ఊలు చేతితొడుగుల వాసన, వంటింట్లోంచి బఠాణీ సూపు వాసన, ఉయ్యాల్లో గార్నెట్ ఏడుపు. గోల్ పడిందా లేదా అని పిల్లలు కొట్టుకుంటే అంగస్ కిటికీలోంచి తల బయటపెట్టి, "నెస్టర్‌ని అడగండర్రా, వాడు అబద్ధం చెప్పడు," అనేవాడు. అంతే, అప్పట్నుంచి ప్రతి గొడవా నెస్టర్ దగ్గరికే వచ్చేది. రెఫరీ అయ్యింది ఆ పెరట్లోనే. ఎంత మంచి రోజులవి.

గదిలో గార్నెట్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై ఆరేళ్ళు, జుట్టు అప్పుడే నెరిసింది. స్టేడియంలో మంచు నునుపుచేసే బండి నడుపుతాడు, ఇవాళ సెలవు పెట్టాడు. నెస్టర్‌ని చూసి తల ఊపాడు, అంతే. పదిహేడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా అంతకు మించి ఏమీ లేదు.

"ఏరా పోస్టూ, ఉత్తరాలేమైనా ఉన్నాయా?" అన్నాడు అంగస్. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీస్తున్నాడు.

"శనివారం కదా పెద్దాయనా, ఉండవు."

"తెలుసులే. ఇవాళ ఆఖరాట. మనూళ్ళో. భయమేస్తోందా?"

"కొంచెం."

"వెయ్యనీ. చూసింది ఇవ్వు. చిన్నప్పుడు ఇచ్చేవాడివి చూడు, అలాగ." కాసేపు ఆగి కిటికీ వైపు గడ్డం ఎత్తాడు. "మావాడు ఇప్పటికీ తగల్లేదనే అంటాడురా. నేనూ చెప్తూనే ఉన్నా. నెస్టర్ మన పెరట్లో పెరిగినోడు, మనం ఓడితే వాడూ ఓడినట్టే, ఊరికే చెయ్యెత్తుతాడా అని. చేస్తే చేశానని చెప్పు, అయ్య దగ్గర దాపరికమేంట్రా అంటే... పలకడు. మొండి వెధవ."

గార్నెట్ కిటికీ అద్దం మీది ఆవిరిని వేలితో తుడుస్తున్నాడు.

ఈయన పోయేలోగా చెప్పాలి. కొడుకు అబద్ధమాడలేదని ఈయనకి తెలియాలి. అది చెప్పగలిగినవాడు ప్రపంచంలో తనొక్కడే. "పెద్దాయనా, ఆట అవగానే వస్తాను. మీకో మాట చెప్పాలి."

"ఇప్పుడే ఏడువు."

"ఇప్పుడు కాదు. ఇంకో ఐదు గంటలు నేను రెఫరీని."

గార్నెట్ వెనక్కి తిరిగి చూశాడు.

రెండింటికి ఆట మొదలైంది. రెండువేల మంది వచ్చారు. బాల్కనీకి "రెండు నిమిషాలు" అని రాసిన దుప్పటి కట్టారు. నెస్టర్ మంచు మీదికి రాగానే నవ్వులు, ఈలలు, ఎవరో గుడ్డివాళ్ళు పట్టుకునే తెల్లకర్ర కూడా తెచ్చి ఊపారు. అవే చెక్కబెంచీలు, అదే వేడి చాక్లెట్ వాసన. అతనికి కోపం రాలేదు. వీళ్ళందరి ఇళ్ళకీ ఉత్తరాలు వేసినవాడే మరి.

రెండో భాగంలో ఊరి కుర్రాడు హట్టన్ అవతలివాడి కాళ్ళకి కర్ర అడ్డంపెట్టి పడేశాడు. నెస్టర్ చెయ్యెత్తాడు. స్టేడియం గొల్లుమంది. హట్టన్ రెండు నిమిషాలూ కూర్చుని బయటికొచ్చాడు. వచ్చీ రాగానే ఇంకొకడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు, నెస్టర్ కళ్ళముందే. ఇక్కడే చెయ్యి బరువెక్కుతుంది. వరసగా రెండు, రెండూ సొంత ఊరి మీదే. చూడనట్టు తల తిప్పుకోవచ్చు, లేదా ఇది ఇచ్చేసి అవతలివాళ్ళలో ఎవడో ఒకణ్ణి వెతకొచ్చు. ఇరవై ఆరేళ్ళు మెడ ఎటు తిరగాలో నేర్చుకున్న ఒళ్ళు అది. చెయ్యెత్తాడు. బాల్కనీ నుంచి రబ్బరు బూటొకటి వచ్చి అతని పక్కనే పడింది. తర్వాత అవతలివాళ్ళ ఆటగాడు భుజంతో తోస్తే జనమంతా లేచి నిలబడి పెనాల్టీ ఇమ్మని బతిమాలారు. అది మామూలు తోపు. నెస్టర్ చెయ్యి కిందే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత అతనికి హాయిగా అనిపించింది.

ఊరి జట్టు ఓడిపోయింది. స్నానం కూడా చెయ్యకుండా, చారల చొక్కా మీదే కోటు వేసుకుని వెనక తలుపులోంచి బయటపడ్డాడు. ఎండ ఇంకా ఉంది. వయసు మరిచిపోయి దాదాపు పరిగెత్తాడు. చెప్పవలసిన మాటను దారంతా పైకి అనుకుంటూనే వచ్చాడు.

మంచం ఖాళీగా ఉంది. గార్నెట్ కుర్చీలో కోటు వేసుకుని కూర్చుని ఉన్నాడు, టోపీ మోకాలి మీద.

"మూడున్నరప్పుడు," అన్నాడు. "ఇందాకే కిందికి తీసుకెళ్ళారు. నువ్వొస్తానన్నావుగా, అందుకని ఉన్నా."

నెస్టర్ నిలబడ్డచోటే నిలబడ్డాడు.

"రేడియోలో ఆట విన్నాడు. హట్టన్‌కి రెండోసారి ఇచ్చావే, అప్పుడు నవ్వాడు. 'చూశావా, వాడు ఊరు చూడడు, చూసిందే ఇస్తాడు' అన్నాడు నాతో. మళ్ళీ మాట్లాడలేదు."

"గార్నెట్," అన్నాడు నెస్టర్. "నీ కర్ర తగల్లేదు. జానెడు ఎడం ఉంది. నేను చూశాను."

గార్నెట్ టోపీ అంచు చుట్టూ వేలితో ఒక చుట్టు చుట్టాడు. "మరెందుకెత్తావు?"

"ఊరివైపు మొగ్గుతున్నానన్నారు. కాదని చూపించాలనుకున్నా."

"చూపించావు."

కారిడార్‌లో ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు.

"నాకు చెప్తావేంటి నెస్టర్," అన్నాడు గార్నెట్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాకు తెలుసుగా. పొద్దున ఆయనకి చెప్పాల్సింది."

"అవును."

"నిమిషం పట్టేది."

"అవును," అన్నాడు నెస్టర్ మళ్ళీ. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

గార్నెట్ లేచి టోపీ పెట్టుకున్నాడు. చెల్లెలికి ఫోన్ చెయ్యాలన్నాడు. తలుపు దగ్గర ఆగి, తల ఊపి వెళ్ళిపోయాడు.

దుప్పటి మడతలో చిన్న రేడియో ఉంది, ఆపడం ఎవరికీ గుర్తులేదు. దాని తీగ దిండు దాకా పోయి, తల ఆనిన నొక్కు మధ్యలో గోధుమరంగు ఇయర్‌ఫోన్ పడి ఉంది. అందులోంచి ఎవరో సన్నగా ఇంకా రెఫరీని తిడుతూనే ఉన్నారు.