ఖాళీగా వచ్చిన గడి

ఈ ఉదయం నుంచి మా కంపెనీ ఉద్యోగులందరూ డైరెక్టరీలో ఉన్నారు. నిన్నటిదాకా అది కంప్యూటరులో ఉండే చిట్టా. ఒక్కో మనిషికి ఒక్కో నమోదు, అందులో పేరు, ఫోను, విభాగం, పై అధికారి అని గడులు. ఇవాళ అది మూడో అంతస్తులో పొడవాటి వరండా. గోడలో గూళ్ళున్నాయి. నాలుగు వందల మంది వాటిలో వరసగా నిలబడ్డారు.

నా పని మారలేదు. నా ప్రోగ్రాం గడి పేరు పిలుస్తుంది. గూట్లో ఉన్నవాళ్ళు నోరు తెరిచి, ఆ గడిలోని విలువ రాసి ఉన్న చీటీని నాలుక కింద నుంచి తీసి ఇస్తారు. చీటీలు కొంచెం తడిగా ఉంటాయి. ఆరబెట్టి జాబితాలో ఎక్కిస్తాను.

మేనేజరు పైడిరాజు గారు తన గూట్లో కుర్చీ వేయించుకున్నారు.

"పై అధికారి గడి ఖాళీగా వచ్చినోళ్ళని భోజనాల్లోపు తీసేయండి," అంటారు. "ఎవరి కిందా లేనోళ్ళు ఉన్నట్టు కాదు కదా."

సబబుగానే ఉంది. తలూపుతాను.

మూడు వందల పన్నెండో గూట్లో సత్యవేణి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా మా ఆఫీసు టెలిఫోన్ ఆపరేటరు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డాక్టరు దొరికేదాకా నలభై నిమిషాలు నాకోసం లైను పట్టుకుని కూర్చున్న మనిషి.

పేరు అని పిలిస్తే ఆమె రెండు చీటీలు ఇస్తుంది, సత్యవేణి అని ఒకటి, బుల్లెమ్మ అని ఒకటి. ఫోను అంటే అయిదు. తనది, తమ్ముడిది, పక్కింటివాళ్ళది, ఇంకా రెండు. నా ప్రోగ్రాం మొదటిదే తీసుకుంటుంది. మిగతావి నేల మీద పడతాయి. అలా రాసింది నేనే.

పై అధికారి అని పిలిస్తే సత్యవేణి నాలుక కింద వేలు పెట్టి వెతుక్కుంటుంది. వేలు ఉత్తగా బయటికి వస్తుంది.

"మా సారు పోయిన్నెల రిటైరైపోయారు కదేటి, తనూజమ్మా," అంటుంది. "ఆరి పేరు తీసీసేరు. కొత్త పేరు ఎవులూ ఎయ్యలేదు."

"ఖాళీగా వస్తే తీసేయమన్నారు."

"అయితే నీ పేరెట్టీ. నీ కిందున్నానని రాసీ. నీకేటి పోద్ది?"

ఆమె తప్పులు నా మీదికొస్తాయని లెక్క వేసుకుంటాను. రెండు క్షణాలు పడుతుంది.

"నాకు చదివే అనుమతే ఉందండీ. రాసేది లేదు."

అది అబద్ధం. ఆరేళ్ళుగా నాకు రెండూ ఉన్నాయి.

సత్యవేణి నా ముఖం వైపు చూస్తుంది. తర్వాత వంగి, నేల మీద చీటీలన్నీ ఏరుకుని, కొంగున ముడివేసుకుంటుంది.

"పోన్లే. నువ్వు మాత్రం ఏటి సేస్తావు."

తొలగించే మీట నొక్కుతాను. గూడు లోపలి నుంచి పూడుకుంటూ వస్తుంది. ముందు ఆమె చెప్పులు, తర్వాత చీర, ఆఖరున ముఖం. గోడ నున్నగా అవుతుంది, తడి సున్నం వాసన వేస్తుంది. పక్క గూట్లో మనిషి, అడగకుండానే, కొంచెం ఇటు జరుగుతాడు.

పైడిరాజు గారి దగ్గరికి వెళ్తాను.

"ఎంతమందండీ?"

"ఒక్కరే. సత్యవేణి."

"ఒక్కరేనా?" ఆయన వాచీ చూసుకుంటారు. "మీకు రాసే అనుమతి ఉంది కదా. ఎవరో ఒకరి పేరు వేసేయాల్సింది. నేనేమైనా అడిగేవాణ్ణా?"

భోజనాల గంట మోగుతుంది. అందరూ గూళ్ళలోంచి దిగి క్యాంటీనుకు వెళ్తారు. వాళ్ళతో పాటే కూర్చుని నా డబ్బా మూత తీస్తాను. పెరుగన్నం మీద ఒక ఎడమ చెవి ఉంది. రిసీవరు ఆని ఆని పైఅంచు అణిగిపోయిన చెవి. ఇంకా వెచ్చగా ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళ డబ్బాలో అదే చెవి, ఆ పక్కవాళ్ళ డబ్బాలోనూ అదే. అందరూ చెవిని ఒక పక్కకు జరిపి, నమిలే చప్పుడు వినపడకుండా తింటున్నారు.

నిజం చెబుదామని నేను నోరు తెరుస్తాను. క్యాంటీనులోని చెవులన్నీ నా వైపు తిరుగుతాయి.