కాడుపాప

హోసూరు దగ్గర, అత్తిముగం పక్కన జయరామప్ప తన చింతతోపును లేఅవుట్ వాళ్లకు అమ్మేసినాడు. చెట్లు పెకలించడానికి జేసీబీ వచ్చిన పొద్దున, నేనూ మా పక్కింటి బసవమ్మా పోయి అడ్డం నిలబడినాము.

ఆ తోపులో దేవాంగపిల్లులు ఉన్నాయి. పేరుకే పిల్లులు, కోతుల జాతి. పిడికెడు ఒళ్లు, ముఖమంతా కళ్లు. కొమ్మ నుంచి కొమ్మకు పోతాయి తప్ప నేలకు దిగవు. చుట్టుపక్కల తోపులన్నీ ఫ్యాక్టరీలకూ సైట్లకూ పోయినాయి. వాటికి మిగిలింది ఇదొక్కటే.

పని చేయించే ఇంజనీరు విష్ణువర్ధన్‌ది ఒంగోలు. హోసూరుకు కొత్త. బసవమ్మ వాళ్ల ఇంట్లో మాట కన్నడం. దేవాంగపిల్లిని వాళ్లు కాడుపాప అంటారు. కాడంటే వాళ్లకు అడవి.

"ఈడ కాడుపాప ఉండాదప్పా, కొట్టొద్దు" అన్నది బసవమ్మ.

విష్ణువర్ధన్ చెయ్యెత్తి జేసీబీని ఆపించినాడు.

"ఇక్కడ కాడుందని మాకెవరూ చెప్పలేదే."

"ఎవురు చెప్తారు? అమ్ముకునేటోడు చెప్తాడా?"

"పాప ఎవరమ్మాయి?"

"ఎవరమ్మాయేంది? తల్లి కూడా ఆడనే ఉండాది."

"ఇద్దరూనా?"

"తల్లి కడుపును కరుచుకొని తిరుగుతాది. చీకటి పడినాక వచ్చి చూడు, కండ్లు నిప్పుల మాదిరి ఉంటాయి."

ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టినాడు.

అప్పటికి నాకు అర్థమైంది. వాళ్ల పక్క కాడంటే వల్లకాడు. సర్ది చెప్పబోయినాను. కానీ ముందురోజే ఈ మనిషికి దేవాంగపిల్లులు ఉన్నాయని చెప్పినాను, వాటి జోలికి పోతే చట్టం ఒప్పదని కూడా చెప్పినాను. "పిల్లులు ఎక్కడైనా బతుకుతాయి లేమ్మా" అన్నాడు. అందుకని ఊరుకున్నాను.

"ఏమైనా అడుగుతుందా?" అన్నాడు మెల్లగా.

"అదేమి అడుగుతాది పాపం. పురుగూ పుట్రా తిని బతుకుతాది. కొమ్మలు నరకొద్దు, అంతే. కొమ్మ లేకుంటే కిందికి దిగాల."

"దిగితే?"

"మీరు కట్టే ఇండ్లల్లోకే వస్తాది. ఇంగ యాడికి పోతాది?"

జేసీబీ వెనక్కి తిరిగింది.

తోపును పార్కు అని ప్లానులో మార్చినారు. విష్ణువర్ధన్ ఒక శుక్రవారం పూజారితో వచ్చి, కొబ్బరికాయ కొట్టించి, కింది కొమ్మకు ఎర్రటి చిన్న గౌను కట్టినాడు.

బసవమ్మ గౌనును పట్టి చూసింది. "దానికి ఇది శానా పెద్దదప్పా. ఎన్నేండ్లయినా అది జానెడే ఉంటాది."

విష్ణువర్ధన్ అక్కడి నుంచే జేసీబీ అతనికి ఫోన్ చేసి, తోపుకు ఆనుకున్న కానుగచెట్ల వరసను కూడా ముట్టొద్దని చెప్పినాడు.