పంటి మందు

పాలిచ్చే వేళంటేనే నిఖత్‌కు ఒళ్లు జలదరించేది. చనుమొనలు చిట్లి నెత్తురు చిమ్ముతుంటే ఎవరికి మాత్రం జలదరించదు! తల్లి రజియాబీతో చెప్పుకుంటే ఆమె పకపకా నవ్వింది.

"నేను ముగ్గురికి ఇచ్చిన. నీకొక్కదానికే వచ్చిందా నొప్పి?"

కన్నతల్లే నవ్వాక ఇంకెవరితో చెప్పుకోవాలి?

దవాఖానకు పోదామంటే చిల్లా. నలభై రోజులు నిండేదాకా బాలింత గడప దాటకూడదని గట్టు ఊళ్లోని ఆ పుట్టింటి పట్టింపు. గూట్లో రజియాబీ పంటినొప్పికి రాసుకునే ట్యూబు ఉంది. రాస్తే చిగురు మొద్దుబారుతుంది. ఆ పొద్దున నిఖత్ దొంగచాటుగా దాన్ని తీసి, రొమ్ములకు దట్టంగా పూసుకుని, పసిబిడ్డ సనాను ఒళ్లోకి తీసుకుంది. నొప్పి లేదు. హాయిగా కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి పాలు బిడ్డ చెంప మీదుగా కారిపోతున్నాయి. నోరు తెరిచే ఉంది గానీ పట్టు లేదు. మళ్లీ ఇచ్చింది. ఒక్క గుక్క పోగానే పొలమారింది. ఆ తర్వాత సనా ఏడవడం కూడా మానేసింది.

"నజర్ తగిలింది," అంది రజియాబీ. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. తాయెత్తు తెమ్మని కొడుకు ఇమ్రాన్‌ను దర్గాకు పొమ్మంది. నిఖత్ గూట్లోని ట్యూబు వైపు చూసింది. నోరు విప్పితే తల్లి చంపేస్తుంది. విప్పకపోతే పసిదాని గతేం కాను?

"నజర్ కాదమ్మీ! నీ పంటి మందు రొమ్ముకు రాసుకున్న. అది దీని నోట్లకు పోయింది."

రజియాబీ చెయ్యెత్తింది గానీ కొట్టలేదు. బిడ్డను ఎత్తుకుని, "చిల్లా లేదు గిల్లా లేదు, ఆటో తియ్‌రా!" అని కొడుకు మీద అరిచింది.

దవాఖానలో డాక్టర్ జయశ్రీ సనా పెదాలూ గోళ్లూ చూసింది. "నీలంగ కాలేదు, నయం. గిసుంటి మందులల్ల కొన్ని బిడ్డ కడుపుల పడితే పానం మీదికొస్తది. రొమ్ముకు ఎన్నడు రాయొద్దు. ముందు శుభ్రంగ కడుగు. తిమ్మిరి దిగేదాక బిడ్డ నా కండ్లముందర్నే ఉండాలె."

మధ్యాహ్నానికి సనా నాలుక కదిలింది. ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డ మొన ఒక్కటే పట్టుకోవడంతో పుండ్లయ్యాయని చెప్పి, నోరు బాగా తెరిచాక ఎలా ఇవ్వాలో డాక్టర్ దగ్గరుండి చూపించింది. నొప్పి ఉంది, కానీ ఓర్చుకోగలిగింది నిఖత్.

పుండ్లు కళ్లారా చూసిన రజియాబీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గింత నొప్పి ఉంటే నాకు జర చెప్పొద్దా బిడ్డా?"

"చెప్పిన అమ్మీ. నువ్వు నవ్వినవ్."