నంబరు ఆమెది, కుర్చీ నాది

సూర్యాపేటలో నా మెడికల్ షాపు గోడకు అద్దాల ఫ్రేములో ఒక సర్టిఫికెట్ వేలాడుతుండేది. అది నా భార్య లీలావతిది. దాని కింద, కౌంటరు వెనుక ఉన్న మెత్త కుర్చీలో మాత్రం నేను కూర్చునేవాణ్ని.

ఇందులో దాపరికం ఏమీ లేదు. మా నాయన మార్కెట్ యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారి. మిర్చికి సీజనుంటుంది, జ్వరానికి ఉండదని లెక్కేసుకుని నేను మందుల వైపు వచ్చాను. మందులమ్మాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సుకు ఫార్మసిస్టు కావాలి. ఆ రోజుల్లో చాలామంది ఎవరిదో సర్టిఫికెట్ కిరాయికి తెచ్చి గోడకు తగిలించేవాళ్లు. సరిగ్గా అప్పుడే నాకు సంబంధాలు చూస్తున్నారు. కోదాడ పిల్ల డీఫార్మసీ పాసైందని తెలిశాక మిగతా ఫొటోలు నేను కవర్లోంచి కూడా తీయలేదు. పెళ్లి చేసుకుంటే కిరాయి ఉండదు కదా.

కాపురానికి వచ్చిన కొత్తలోనే లీలావతి అడిగింది. "షాపులో నేనెక్కడ కూర్చోవాలండీ?"

"కూసుందువుగాని, జర ఆగు. ముందు షాపు నిలబడనీ" అన్నాను.

షాపు నిలబడింది. పిల్లలు చిన్నోళ్లు అన్నాను. వాళ్లు బడికి పోవడం మొదలుపెట్టారు. ఎండలు తగ్గనీ అన్నాను. వానలు కూడా వచ్చిపోయాయి. ఆమె అడగడం మానలేదు, నేను వాయిదా వేయడం మానలేదు. మధ్యాహ్నం నాకు అన్నం గిన్నె తెచ్చినప్పుడు మాత్రం ర్యాకుల ముందు కాసేపు నిలబడి, "ఈ సిరప్ డేటు దగ్గర పడింది, ముందుకు పెట్టండి" అని చెప్పి వెళ్లేది. బేరాలకొచ్చే జనం నన్ను 'డాక్టర్ సాబ్' అనేవాళ్లు. అంతకన్నా ఏం కావాలి మనిషికి?

తొంభై రెండులో ఒకరోజు మిర్యాలగూడ జానయ్య సేటు షాపుకు వచ్చాడు. మనిషి మాకందరికీ పెద్దదిక్కు. రైసు మిల్లుతో మొదలుపెట్టి మందుల హోల్‌సేల్ దాకా వచ్చినవాడు. నల్లగొండ జిల్లా మందుల వ్యాపారుల మీటింగు ఎక్కడ జరిగినా మైకు మొదట ఆయనకే ఇవ్వాలి, చివర్లో ఆయన దగ్గర్నుంచి లాక్కోవాలి.

"లింగన్నా, ఫార్మసీ కౌన్సిలుకు ఎలక్షన్లు వచ్చినయి. నేను నిలబడుతున్న" అన్నాడు.

ఫార్మసీ కౌన్సిలంటే రాష్ట్రంలో ఎవరు ఫార్మసిస్టో, ఎవరు కాదో రిజిస్టరు రాసి చూసుకునే బోర్డు. అందులో ఆరుగురు మెంబర్లను ఓట్లేసి ఎన్నుకుంటారు.

"మెంబరైతే ఏమొస్తది సేటూ?" అన్నాను.

"కార్డు మీద రాసుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్ వస్తే లేచి నిలబడుడు కాదు, కూసోమని చెప్పొచ్చు. నా పేరు ప్రతిపాదించేటోడివి నువ్వే."

నాకు ఛాతీ ఉబ్బింది. ఆయన మెంబరైతే ప్రతిపాదించినవాణ్ని నేనని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లకూ తెలుస్తుంది. ఖర్చు బస్సు చార్జీ ఒక్కటే. బేరం మంచిదనిపించింది.

ఇద్దరం ఇస్త్రీ బట్టలేసుకుని హైదరాబాదు పోయాం. కౌన్సిలు ఆఫీసులో ఒక పెద్ద వయసు క్లర్కు, కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని కూర్చున్నాడు. నామినేషను కాగితం తీసుకుని, "రిజిస్ట్రేషన్ నంబర్లు చెప్పండి" అన్నాడు.

నేను తడుముకోకుండా చెప్పాను. ఆ నంబరు నా బిల్లు పుస్తకం ప్రతి పేజీ మీదా అచ్చయి ఉంటుంది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

క్లర్కు రిజిస్టరులో వేలు జరిపాడు. కళ్లద్దాలు కిందికి దించుకుని నన్ను చూశాడు. మళ్లీ రిజిస్టరు చూశాడు.

"లీలావతి గారంటే మీరేనా?"

"అది మా ఇంటామె."

"మరి మీ నంబరు?"

"అదే సార్. మా షాపుది అదే."

"షాపుకు ఇవ్వలేదండీ, మనిషికి ఇచ్చాం" అని జానయ్య వైపు తిరిగాడు. సేటు తన షాపు నంబరు గట్టిగా, మైకులో చెప్పినట్టు చెప్పాడు. వేలు మళ్లీ జరిగింది.

"నీలా గారు?"

"మా కోడలు" అన్నాడు సేటు. ఈసారి మైకు లేనట్టుంది గొంతు.

క్లర్కు కాగితం మడిచి వెనక్కి ఇచ్చాడు. "రిజిస్టరు ప్రకారం ఇప్పుడు నా ముందర ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఫార్మసిస్టు కానివాళ్లు నిలబడకూడదు, ప్రతిపాదించకూడదు, ఓటు కూడా ఉండదు. ఎల్లుండితో గడువు ఆఖరు. మీ ఇళ్లలో వాళ్లను పంపించండి."

ఇద్దరం తిరుగు బస్సెక్కాం. ఇరవై ఏళ్లుగా మందులమ్ముతున్న మనిషికి తను ఫార్మసిస్టు కాదని ఆ రోజే గుర్తొచ్చింది. నన్ను అడిగితే, మాలో సగం మందిమి అలాగే ఉండేవాళ్లం. గోడ మీదున్నది మనదే అనుకునే అలవాటు అంత గట్టిది.

నకిరేకల్ దగ్గర సేటు తేరుకున్నాడు. "గిదేం పెద్ద పరేషాన్ కాదు లింగన్నా. నా కోడల్ని నిలబెడదాం. పేరు ఆమెది, పని మనది."

మర్నాడు పొద్దున్నే ఫోను చేశాడు. నీలా ఒప్పుకోలేదట. చంటిపిల్లను చంకనేసుకుని "ఓటేస్త మామయ్యా, నిలబడ" అని తేల్చేసిందట. "ఇగ మీ లీలావతమ్మే దిక్కు" అన్నాడు.

లీలావతి పప్పు తాలింపు వేస్తుంటే పక్కన నిలబడి విషయం చెప్పాను. క్లర్కు నన్ను లీలావతి అనుకున్నాడన్న చోట ఆమె గరిటె పక్కన పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది.

"మీసాలున్న లీలావతి" అంది.

"సాల్లే. నిలబడతవా?"

"నిలబడతాను."

"గంతేనా? ఏమన్న కావాల్నా?"

"నాకేం వద్దండీ."

అక్కడే నేను జాగ్రత్త పడాల్సింది. ధర అడగకుండా సరుకు మూట కట్టమనేవాళ్లు ఏదో ఒకటి ముందే చూసుకుని వస్తారు. కానీ గడువు తరుముతోంది, పొద్దుటి బస్సుకు పోతేనే అందుతుంది. కోదాడలో తనతో చదువుకున్న సైదమ్మను ప్రతిపాదించడానికి రమ్మని లీలావతే ఫోను చేసింది. బలపరచడానికి నీలా సంతకం మిర్యాలగూడ నుంచి సేటే తెచ్చాడు. క్లర్కు ఈసారి రిజిస్టరులో వేలు పెట్టి, ముఖాలు చూసి, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

ఓట్లు పోస్టులో వేయాలి. జానయ్య లెక్క చాలా సులువుగా ఉంది. "కాయితాలు షాపులకే వస్తయి. అన్ని షాపుల కాయితాలు జమచేసి ఒక్కరోజుల గీకి పంపిస్తే ఖతం."

ఆ లెక్క తప్పింది. ఆడపిల్లలు రిజిస్టరైంది చదువైన కొత్తలో, పెళ్లి కాకముందు. అప్పుడిచ్చిన అడ్రసు పుట్టింటిది. తర్వాత ఎవరూ మార్పించలేదు, మార్చాలని ఏ మొగుడికీ తోచలేదు. ఓటు కాగితాలన్నీ పుట్టిళ్లకు పోయాయి. ఆ వారం మా మూడు ఊళ్లలో ఫార్మసిస్టులైన భార్యలంతా ఒకరి తర్వాత ఒకరు పుట్టింటికి బస్సెక్కారు. మొగుళ్లంతా హోటల్లో ఎదురుపడి, "మీదీ పోయిందా?" అని ఒకరినొకరు అడుగుతూ ఇడ్లీలు తిన్నారు.

అంతకు ముందే మేం ప్రచారానికి తిరిగాం. స్కూటరు మీద నేను ముందు, లీలావతి వెనుక. దూరమైతే సేటు జీపు. ఇంటింటికీ పోయి ఆడవాళ్లను ఓటడగాలి. ఆ అడగడం మాత్రం మీ పని అంది లీలావతి. "అమ్మడం మీకే బాగా వచ్చు" అంది.

మొదట కోదాడలో సైదమ్మ ఇంటికి పోయాం. ఆమె కాఫీ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఇది గెలిస్తే మీ షాపులో కూర్చుంటుందా? లేక కౌన్సిల్లో ఫార్మసిస్టు, ఇంట్లో వంటమనిషేనా?"

ఓటడగడానికి పోయినవాడు ఏమంటాడు? "కూసుంటది" అన్నాను.

పెన్‌పహాడ్‌లో జమునా అని తండా నుంచి చదువుకుని ప్రభుత్వ దవాఖానలో ఫార్మసిస్టుగా చేరిన అమ్మాయి ఉంది. మందులిచ్చే కిటికీ దగ్గర లైను సాగుతుంటే, మాట్లాడుతూనే గోలీలు పొట్లం కట్టింది.

"అన్నా, నేను గీ కిటికీల పొద్దుగాల్నుంచి నిలబడ్త. మా లీలక్క షాపుల ఎప్పుడు సూడలే. గెలిస్తే సూస్తనా?"

"సూస్తవమ్మా."

"ఏ కుర్చీల? నీ కుర్చీలనేనా?"

లైనులో ఉన్న ముసలమ్మ కూడా తల తిప్పి నా జవాబు కోసం చూసింది. "నా కుర్చీలనే" అన్నాను.

మిర్యాలగూడలో నీలా అడగకముందే నేనే చెప్పేశాను. సేటు పక్కనే ఉండి నా వైపు విచిత్రంగా చూశాడు. నీలా మాత్రం మామ వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు అర్థం ఆయనకు అప్పుడు తెలియలేదు.

తిరుగు దారిలో స్కూటరు వెనుక నుంచి లీలావతి అంది. "మూడు ఊళ్లలో మాటిచ్చారండీ."

"ఎలక్షన్ల సవాలక్ష చెప్తరు."

"చెప్తారు. కానీ మీరు లీడరు కాదుగా, వ్యాపారస్తులు. ఇస్తానన్న సరుకు ఇవ్వలేదంటే రేపు మార్కెట్లో మీ మాటకు విలువేముంటుంది?"

నేను స్కూటరు స్పీడు పెంచాను. మా నాయన నోటిమాట మీద బండ్లకు బండ్లు మిర్చి అమ్మినవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే నాతో అడిగించింది. నేను ఇవ్వదలచుకోని సరుకును నాతోనే మూడు చోట్ల అమ్మించింది. ఇంతకన్నా బాగా బేరమాడినవాళ్లను నేను యార్డులో కూడా చూడలేదు.

ఆ రాత్రి నుంచి నా పరిస్థితి చిత్రంగా తయారైంది. ఆమె గెలిస్తే నా కుర్చీ పోతుంది. ఓడితే ప్రతిపాదన దగ్గర్నుంచి తిరిగిన తిరుగుడంతా వృథా, ఊళ్లో నవ్వు. దేనికి మొక్కుకోవాలో తెలియక ఆ నెల గుడి ముందునుంచి చేతులు జోడించి ఊరికే వచ్చేశాను.

ఫలితం సేటు ఫోనులో చెప్పాడు. గెలిచిన ఆరుగురిలో ఆఖరి పేరు లీలావతిది. పెద్ద పట్నాల వాళ్లు ఓట్లను పంచుకుంటే, మా వైపు ఆడవాళ్ల ఓట్లు ఒక్కటీ చెదరకుండా ఆమెకే పడ్డాయట.

మొదటి మీటింగు రోజు జానయ్య తెల్ల చొక్కా, కొత్త చెప్పులతో పొద్దున్నే మా ఇంటి ముందు జీపు ఆపాడు. చంకలో ఫైలు ఉంది.

"అమ్మా, నువ్వు ఇంట్ల ఉండు. సంతకం పెట్టియ్యి సాలు. మీటింగు నేను సూసుకుంట."

లీలావతి చెప్పులేసుకుంటూ, "మీరు ఏ నంబరు మీద వస్తారు సేటుగారూ?" అంది.

సేటు చంకలోని ఫైలు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఆయనే నవ్వాడు. ఆ గుణం ఉంది కాబట్టే ఆయన వ్యాపారం అంత పెరిగింది. "జీపులన్న దింపనియ్యమ్మా బస్టాండు దాంక" అన్నాడు. దింపి వచ్చాడు.

సాయంత్రం ఆమె హైదరాబాదు నుంచి నేరుగా షాపుకే వచ్చింది. నేను లేచాను. కుర్చీ దులిపాను. ఇస్తానన్న సరుకు ఇచ్చేటప్పుడు ముఖం మాడ్చుకోకూడదని నాయన నేర్పాడు. ఆమె కూర్చుంది. గోడమీద ఫ్రేములోని పేరూ, దాని కింద కూర్చున్న మనిషీ మొదటిసారి కలిశాయి. నేను పక్కన చెక్క స్టూలు వేసుకున్నాను.

లాభనష్టాలు చెప్పకుండా వదిలేస్తే నేను వ్యాపారస్తుణ్నే కాదు. నష్టం నడుముకు వచ్చింది. లాభం నేను లెక్కలోకి తీసుకోని వైపు నుంచి వచ్చింది. అంతవరకు మా షాపుకు వచ్చే ఆడవాళ్లు డాక్టరు చీటీ నా ముందు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాళ్లు. చీటీ లేకపోతే, "జ్వరం గోలీ" అని ఒక్క ముక్క అని, కావాల్సింది అడగకుండానే పోయేవాళ్లు. ఇప్పుడు లీలావతి దగ్గరకు వంగి గుసగుసగా చెప్తున్నారు. ఆమె కొన్నిటికి మందిస్తుంది, కొన్నిటికి "ఇది నా పని కాదు, డాక్టరమ్మ దగ్గరికి పో" అని పంపిస్తుంది. పంపినవాళ్లు కూడా చీటీతో మళ్లీ మా షాపుకే వస్తున్నారు. ఒక బేరాన్ని వద్దని పంపితే రెండు బేరాలు వస్తాయని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

బక్కమ్మ అని కూరగాయలమ్మే ఆమె ఒకరోజు నన్ను చూసి, "ఏమయ్యా, జర అవుతలికి పో. మేం మాట్లాడుకోవాలె" అంది. నా షాపులోంచి నన్నే పొమ్మంది. పోయి టీ తాగి వచ్చాను.

దీపావళి దాటాక జానయ్య ఫోను చేశాడు. మాట నెమ్మదిగా ఉంది.

"లింగన్నా, నీలా అడిగింది. లీలక్క కూసున్నది, నేనెప్పుడు కూసోవాలె అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఆమె మీ ఇంటామెను బలపరిచిన మనిషి. మూడూళ్లల్ల తెలుసు." మళ్లీ ఆయనే అడిగాడు. "నువ్వు స్టూలు యాడ కొన్నవ్?"

"కొనలే సేటూ, ఇంట్ల ఉన్నదే ఏసుకున్న. నువ్వు కొంటవు గద, ఎనక ఆనుకునేది ఉన్నది సూసి కొను."

"రెండు కొంట" అన్నాడు సేటు. "ఒకటి నీకు పంపిస్త."