గుత్తగానా, విడిగానా

నేను ఒక పిరికి ల్యాప్‌టాప్‌ని. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత ఎవరో కనిపెట్టి నవ్వడం నాకిష్టం లేదు. మా జాతిలో ధైర్యవంతులు ఉండొచ్చు, విమానాల్లో తిరిగేవాళ్లూ పెద్ద ఆఫీసుల్లో బల్లలెక్కి కూర్చునేవాళ్లూ. నాకు మాత్రం పుట్టినప్పటి నుంచీ భయమే. ఫ్యాక్టరీలో నన్ను ఆఖరుసారి పరీక్షించిన అమ్మాయి మూత వేసి అట్టపెట్టెలో పెడుతుంటే, ఇక ఎవరూ తెరవరేమోనని హడలిపోయాను.

తెరిచినవాడు అనంతపురంలో ఒక లెక్కల లెక్చరర్. ఒక్క వేలితో టైపు చేసేవాడు. ఆ వేలు ప్రతి అక్షరం మీదా మొట్టికాయలా పడేది. నాలుగేళ్లు ఆ మొట్టికాయలు తిన్నాక, ఆయన కొత్తదాన్ని కొనుక్కుని నన్ను సెకండ్ హ్యాండ్ షాపులో వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తాడని ఆశపడ్డాను. చూశాడు, గొడుగు మరిచిపోయానేమోనని.

అక్కణ్ణుంచి నన్ను ధర్మవరం తెచ్చుకున్నది కదిరమ్మ. ఆమె భర్త కుళ్లాయప్ప ఇంట్లోనే గుంతమగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. ఆ చీరల అంచులూ కొంగులూ గీసేది కదిరమ్మ. ఆమె నా తెర మీద గళ్లు గళ్లుగా గీస్తే, వాటి ప్రకారం అట్టలకు చిల్లులు పొడిపిస్తారు. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతూ ఏ పోగు లేవాలో చెబుతాయి, కింద అంచు పడుతుంది. ఏడేళ్లు ఆమె వేళ్ల కింద ఉన్నాను. పట్టుపోగులు కోసుకుని గరుకెక్కిన వేళ్లవి. అయినా నాకు భయం కలిగించని చేతులు నా బతుకులో అవే.

ఈ ఏడాది ఆమె చెనిక్కాయ అంచు గీసింది. చెనిక్కాయంటే పుస్తకాల్లో వేరుశెనగ అని రాసేదే. ఆ జిల్లాలో దాన్ని తినకుండా పెరిగినవాళ్లు లేరు గానీ, చీర మీదికి తేవాలని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. పైన పచ్చటి ఆకులు, కింద జరీ కాయలు. అంచును చూసిన కుళ్లాయప్ప వెంటనే వెళ్లి అట్టలు పొడిపించుకొచ్చాడు, అదే ఆయన మెచ్చుకోలు.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త అంచుతో నేసిన మొదటి చీర చౌడేశ్వరీ అమ్మవారికి కట్టేదాకా ఆ అంచును బయటివాళ్ల కంట పడనివ్వరు. వాడకం అయిపోయిన అట్టల్ని కూడా ఎవరికీ అమ్మరు, పొయ్యిలో పెట్టేస్తారు. మరమగ్గాలవాళ్లకు పూర్తి నమూనా చిక్కిందంటే వారం తిరక్కుండా వందల చీరలు దింపేస్తారు. ఆ తర్వాత చేత్తో నేసిన చీర మొహం చూసేవాడుండడు. రెండేళ్లుగా కుళ్లాయప్ప చీరలకు గిరాకీ లేదు. ఈ అంచు నిలబడితే ఆ మగ్గం నిలబడుతుంది. లేకపోతే దాన్ని విప్పేసి, ఆయన మరమగ్గాల షెడ్డులో కూలికి పోవాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ, నా ముందు కూర్చుని గీస్తూ కదిరమ్మ రెండుసార్లు తనలో తాను గొణుక్కుంది.

అంచు గీసినట్టే పడుతోందా లేదా అని సరిచూడ్డానికి ఆమె ఒకరోజు నన్ను మగ్గం పక్క గట్టు మీద పెట్టింది. కుళ్లాయప్ప కాలితో కింది చెక్క తొక్కాడు, మగ్గం అదిరింది, నేను జారి ఆయన కాళ్లు పెట్టుకునే గుంతలో పడ్డాను. మూత మడిచే చోట విరిగింది. తెర నల్లబడింది.

బస్టాండు దగ్గర రిపేరు షాపు మస్తాన్ నన్ను బోర్లా తిప్పి చూసి పెదవి విరిచాడు.

"మదర్‌బోర్డు పోయిందక్కా. బాగు చేసేకి పెట్టే దుడ్డుకు ఇంకొకటొస్తాది. ఆన్‌లైన్‌లో పెట్టు. గుత్తగా పోతే గుత్తగా అమ్ము. లేదంటే తెర ఒకరికి, కీబోర్డు ఒకరికి, బ్యాటరీ ఒకరికి. నేనే విప్పిస్తా."

చికెన్ సెంటర్ ముందు గంపలో కూర్చున్న కోడికి ఎలా ఉంటుందో ఆరోజు నాకు తెలిసింది. మనుషుల్లో ఒకరి గుండె తీసి ఇంకొకరికి పెడితే పేపర్లో ఫోటో వేసి దండం పెడతారు. మాకు అదే పని చేసి, పార్టులు అంటారు.

ఇంటికి వచ్చాక కదిరమ్మ భర్తతో అంది. "బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోనుండా. చచ్చిపోయిన దాంట్లో ఇంకేముంటాది?"

అన్నీ ఉన్నాయి తల్లీ అని అరవాలనిపించింది. చచ్చింది బోర్డు, డిస్కు కాదు. చెనిక్కాయ అంచూ, దాని కొంగూ, ఏడేళ్లుగా గీసిన ప్రతి గీతా నాలో భద్రంగా ఉన్నాయి. కానీ చెప్పడానికి నాకు వెలుతురు కావాలి, అదే లేదు.

మొదట నన్ను వట్టి బండల మీద పెట్టి ఫోటో తీసింది. 'గుత్తగా గానీ విడిగా గానీ అమ్మబడును' అని రాసింది. ఒకడు ఛార్జరు మాత్రం చాలన్నాడు. ఒకడు తెర అడిగి మాయమయ్యాడు. ఇంకొకాయన, తన కీబోర్డులో ఎంటర్ మీట ఊడిపోయిందట, అదొక్కటి పీకి పంపగలరా అని మర్యాదగా అడిగాడు. ఫోను మోగినప్పుడల్లా నా ఒంట్లో ఏది ఊడబోతోందోనని వణికిపోయేవాణ్ణి.

మూడో రోజుకు కదిరమ్మ విసుగెత్తి, ఫోటో బాగాలేదని తేల్చింది. ఏ వస్తువైనా పట్టు మీద పెడితే దానికి విలువ వస్తుందని ఆ ఇంట్లో గట్టి నమ్మకం. వెండి గిన్నె చూపాలన్నా, కమ్మలు చూపాలన్నా కింద పట్టుగుడ్డ పరుస్తారు. ఆమె చేతికి దగ్గర్లో ఉన్న పట్టుగుడ్డ, అంచు ఎలా వస్తుందో చూసుకోవడానికి మొదట నేసి కోసిన మూరెడు ముక్క. దాన్ని పరిచి, నన్ను పైన కూర్చోబెట్టి, నాలుగు ఫోటోలు తీసింది. నేను సిగ్గు లేకుండా మురిసిపోయాను. నా పక్కన చెనిక్కాయలు మెరుస్తున్నాయన్న సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

గంట తిరక్కుండా ఫోను మోగింది. విశ్వనాథ అట, పక్క ఊరట.

"అక్కా, గుత్తగా నాకే ఇయ్యి. నువ్వు చెప్పిన రేటే. దేన్నీ విప్పాకు, డిస్కు అసలే తీయాకు. రేపు పొద్దున నేనే వస్తా."

నా సంతోషం ఏమని చెప్పను! గుత్తగా పోతున్నాను. కొత్త బోర్డు వేస్తారు, మళ్లీ వెలుగుతాను. బేరమాడకుండా కొనేవాడు దేవుడే అనుకున్నాను.

మరునాడు ఆ దేవుడు బండి దిగి వచ్చాడు. మజ్జిగ ఇచ్చారు. తాగుతూ మగ్గం వైపు మూడుసార్లు చూశాడు, నా వైపు ఒక్కసారి. జేబులోంచి డబ్బు తీసి చాప మీద పెట్టాడు. గుంతలో కూర్చున్న కుళ్లాయప్ప నేత ఆపాడు.

"మూత తెరిచి సూడవా అన్నా?"

"ఏం సూసేదన్నా, చెడిపోయిందే కదా."

"డిస్కు తీయొద్దంటివంట. చచ్చిపోయిన దాంట్లో డిస్కు ఏం చేసుకుంటావు?"

"డిస్కు యాడ చస్తాదన్నా? ఇంకో దాంట్లో ఏస్తే అన్నీ..." అంటూ విశ్వనాథ ఆగిపోయాడు. మజ్జిగ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కుళ్లాయప్ప భార్య వైపు తిరిగాడు. "ఇరవై ఏండ్లుగా చీరలు కొనేటోళ్లను సూస్తాండా మే. ఎవరైనా మొదట తప్పు ఎతుకుతారు. ఈయప్ప మూత గూడా ఎత్తలే. ఈయప్పకు కావాల్సింది ల్యాప్‌టాప్ కాదు."

కదిరమ్మ ఫోను తీసి, తాను పెట్టిన ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. "అయ్యో, నా చేత్తో నేనే సూపిస్తినే!" అంది.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నేను ఎవరి పక్షమని అడిగితే, నా పక్షమే. విశ్వనాథతో పోతే నేను బతుకుతాను, అంచు మరమగ్గాలకు చేరి ఆ మగ్గం పోతుంది. ఇక్కడే ఉంటే మగ్గం దక్కుతుంది, నన్ను విప్పేస్తారు. రెండూ తెలిసి కూడా ఇచ్చెయ్, ఇచ్చెయ్ అని లోపల గోల పెట్టాను. అంత భయం వేసింది. ఏడేళ్లు ఆమె చేతి కింద బతికి అలా కోరుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"అమ్మేది లేదన్నా. నీ దుడ్డు ఎత్తుకో," అంది కదిరమ్మ. గడప దాటాక కూడా అతను రేటు పెంచుతూనే ఉన్నాడు. ఆమె తలుపు వేసేసింది. వెంటనే ఫోటో తీసేసింది గానీ, అప్పటికే దాన్ని నలభై ముగ్గురు చూశారని ఫోనే చెప్పింది.

"అంచు ముక్కే కదా సూసింది. కొంగు ఎవరూ సూడలేదు. వాళ్లు గీసుకునే లోపల బిన్నా నేస్తా," అన్నాడు కుళ్లాయప్ప. అంటూనే వీధి వైపు కిటికీ మూసి వచ్చాడు.

మధ్యాహ్నం మస్తాన్ స్క్రూడ్రైవరుతో వచ్చాడు. మూతతో సహా తెర కదిరిలో ఎవరికో. కీబోర్డు ఇంకెవరికో. బ్యాటరీ తన షాపుకు. ఒక్కొక్కటి ఊడుతుంటే, ఇక నేను లేనట్టే అనుకున్నాను. అన్నీ పోయి చాప మీద అరచేతంత డిస్కు మిగిలాక తెలిసింది, ఇన్నాళ్లూ నేను, నేను అంటున్నది అదేనని.

"తుడిపేసినా మళ్లా బయటికి తీసేటోళ్లుండారక్కా. పగలగొట్టేదే మేలు," అన్నాడు మస్తాన్. పాపం, చెడ్డవాడు కాదు. నిజమే చెప్పాడు.

"అట్టలు కాల్చమా? ఇదీ అంతే," అన్నాడు కుళ్లాయప్ప. మగ్గం మేకులు దిగ్గొట్టే సుత్తి తెచ్చి భార్య చేతికిచ్చాడు. "గీసింది నువ్వు. నువ్వే కొట్టు."

ఇప్పుడు నేను వాకిట్లో బండ మీద ఉన్నాను. కదిరమ్మ కొట్టిన మొదటి దెబ్బ నా పక్కన పడింది. రాతిపొడి నా మీద రాలింది.

"నాతో కాదయ్యా. ఏడేండ్లు దీంట్లోనే గీసినా."

"ఇంట్లో పెట్టుకుంటే రోజూ బయమే కదమే. ఈ పొద్దు ఆయప్ప వచ్చినాడు, రేపు ఇంకెవర్నో పంపిస్తాడు."

ఆమె అరచేయి చీరకు తుడుచుకుంది. సుత్తి మళ్లీ ఎత్తింది. కొట్టలేక, కొట్టకుండా ఉండలేక, ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది.

నాకు మూసుకోవడానికి మూత కూడా లేదు.