నాలుగో నంబరు తలుపు మీద పేరు

రోడా ఇంట్లో పద్నాలుగు మంది పడుకుంటారు. అందరూ ఒకేసారి పడుకుంటారనుకునేరు, అంత చోటే ఉంటే ఇంక కావలసిందేముంది? హాల్లో సోఫా సంగతే తీసుకోండి. పొద్దున్న ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అది విమానాల దారి మీద మంచు తోసే మేనల్లుడిది. ఆ తర్వాత టీవీ ముందు చేరే పిల్లలది. పిల్లలు ఇళ్లకి చేరాలని ఊరంతటికీ తొమ్మిదింటికి సైరన్ మోగుతుంది కదా, అది మోగాక ఇనూకిది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు గానీ, ఆ సోఫాలో పైకి పొడుచుకొచ్చిన స్ప్రింగుని మాత్రం ఎంత నిద్రయినా ఎరుగుతుంది.

ఇనూకి రోడాకి తమ్ముడు. అరవై ఒకటి నిండాయి. ఒకప్పుడు అతనికీ ఇల్లుండేది. పెళ్లాం పోయాక, ఒంటరివాడికి రెండు గదులెందుకని హౌసింగ్ ఆఫీసు వాళ్లు ఆ ఇల్లు తీసుకుని జాబితాలో పేరు రాసుకున్నారు. తొమ్మిదేళ్లయింది. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న ఈ కంగిక్ ఊళ్లో ఆ జాబితా పెరగడమే గానీ తరగడం ఎవరూ చూడలేదు. మంచు కింద బతికే సీలుకి కూడా ఊపిరి తీసుకోవడానికి సొంత చిల్లు ఒకటుంటుంది. మనుషులకే లేకపోయింది.

సోఫా పక్కన నేల మీద, పలచటి పరుపు మీద మాక్పా పడుకుంటుంది. మాక్పాకి ఐదేళ్లు. ఇనూకికి తల్లి.

అవును, తల్లే. వాళ్ల అమ్మ ముసలి మాక్పా పోయిన నాలుగో నెలలో రోడాకి మనవరాలు పుట్టింది. ఇక్కడ పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడితే పేరుతోపాటు మనిషీ వస్తుంది, చుట్టరికమూ వస్తుంది. పిల్లని కన్న రోడా కూతురు, పంతొమ్మిదేళ్ల అమ్మాయి, నెల తిరక్కుండానే బిడ్డని తెచ్చి ఇనూకి ఒళ్లో పెట్టి, "నీ అమ్మని నువ్వే చూసుకో మామయ్యా" అంది. ఆ రోజు నుంచి అతను ఆ పిల్లని "అమ్మా" అంటాడు. ఆ పిల్ల అతన్ని "అబ్బాయ్" అంటుంది. బడిలో ఎవరైనా ఏడిపిస్తే, "మా అబ్బాయితో చెబుతా, మూడు ఎలుగుబంట్లని కొట్టాడు" అని బెదిరిస్తుంది. కొట్టింది ఒక్కదాన్నే. తల్లికి ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కుంది.

ముసలి మాక్పా పోయింది ఆ సోఫా మీదే. ఊరి దుకాణం వెనక వయసు మళ్లిన పెద్దవాళ్ల కోసం కట్టిన అయిదు చిన్న ఇళ్లున్నాయి. కాళ్ల కింద వెచ్చటి నేల, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ. అందులో ఒకటి వస్తుందని ఏడేళ్లు ఎదురుచూసి, రాకుండానే వెళ్లిపోయింది. ఇప్పుడీ చిన్న మాక్పాకి దగ్గు. కిటికీ కింద గోడంతా బూజు పట్టి నల్లబడింది, పరుపేమో దాన్ని ఆనుకునే ఉంటుంది.

"మందులు ఎన్నయినా ఇస్తాను. కానీ ఇంతమంది మధ్య, ఆ బూజు పక్కన పడుకున్నంతకాలం ఈ దగ్గు పోదు. ఈసారి ముదిరితే విమానంలో దక్షిణానికి ఆస్పత్రికి పంపించాల్సి వస్తుంది" అంది నర్సు.

దక్షిణం మాట ఇనూకికి కొత్త కాదు. అతనికి ఐదేళ్లప్పుడు అమ్మని ఊపిరితిత్తుల జబ్బని ఓడ మీద దక్షిణానికి తీసుకుపోయి రెండేళ్లకి గానీ తిరిగి పంపలేదు. మర్నాడే హౌసింగ్ ఆఫీసుకి వెళ్లి మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాడు.

ఆఫీసులో దరఖాస్తులు చూసే ఊరి పిల్ల లీటియా కాన్పుకని దక్షిణానికి వెళ్లింది. కుర్చీలో ఉన్నది మేనేజరు డారెన్. దక్షిణం నుంచి ఊరికొచ్చి మూడు నెలలు. మంచివాడు, ఆ మాట చెప్పుకోవాలి.

"మీతో ఎవరుంటారు?" అన్నాడు డారెన్.

"మా అమ్మ. మాక్పా."

డారెన్ కంప్యూటర్లో వెతికాడు. రోడా ఉంటున్న ఇల్లు ఇంకా ముసలి మాక్పా పేరు మీదే ఉంది. పేరు మార్చమని వెళితే లోపల ఎంతమంది ఉన్నారని లెక్క అడుగుతారని రోడా ఆ ఊసే ఎత్తలేదు. పుట్టిన సంవత్సరం దొరికింది. దాన్నే దరఖాస్తులో ఎక్కించాడు.

"ఆవిడ నడవగలరా?"

"నడుస్తుంది. మంచు ఎక్కువుంటే నేనే వీపున వేసుకుంటాను."

డారెన్ తలెత్తి అతన్ని ఒకసారి చూశాడు. "స్నానం?"

"నేనే చేయించాలి. వదిలేస్తే ఇల్లంతా నీళ్లే."

"వంట చేసుకోగలరా?"

"అమ్మో! పొయ్యి దగ్గరికి రానిస్తే కొంప తగలెట్టేస్తుంది."

"ఊపిరి ఇబ్బంది?"

"రాత్రంతా దగ్గే. దాని గురించే వచ్చాను."

డారెన్ కలం కింద పెట్టాడు. "మీలాంటి కొడుకు దొరకడం ఆవిడ అదృష్టమండీ."

"నాదండీ అదృష్టం. ఒకసారి పోయి, మళ్లీ నా దగ్గరికే వచ్చింది" అన్నాడు ఇనూకి.

ఏదో ఆస్పత్రి సంగతి అయి ఉంటుందనుకున్నాడు డారెన్. ఇనూకి అబద్ధమొక్కటీ ఆడలేదు. లీటియా గనక ఉండుంటే నవ్వుకుని, 'పెంపుడు కూతురు, ఐదేళ్లు' అని తనే రాసుకునేది.

ఇళ్లు పంచే కమిటీలో ఆరుగురు. ఊళ్లో అందరికీ అందరూ చుట్టాలే కాబట్టి, పక్షపాతం లేకుండా పేర్లు కవర్లలో దాచి నంబర్లు మాత్రం వాళ్ల ముందు పెడతారు. ఖాళీ అయినది ఒక్క ఇల్లు. జాబితాలో ఎనభై మూడు పేర్లు. ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం కమిటీ పెద్దాయన కౌటక్ ఊరి రేడియోలో కవరు విప్పాడు. ప్రతి ఇంట్లోనూ రేడియో మోగుతోంది. రోడా నేల మీద అట్ట పరిచి గడ్డకట్టిన చేప కోస్తోంది. ఇనూకి మాక్పా జడ అల్లుతున్నాడు.

"పెద్దల ఇళ్లలో నాలుగో నంబరు. ముప్పై ఒకటో దరఖాస్తుకి" అన్నాడు కౌటక్. కాగితం చప్పుడైంది. "ఇనూకి."

ఇంట్లో పిల్లలు కేకలేశారు. మేనల్లుడు ఇనూకి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"అతనితో పాటు..." మళ్లీ కాగితం చప్పుడైంది. "అతని తల్లి, మాక్పా. వయసు ఎనభై నాలుగు."

రోడా చేతిలో కత్తి అలాగే నిలిచిపోయింది. ముసలి మాక్పా శవపెట్టె మోసిన నలుగురిలో కౌటక్ ఒకడు. కమిటీలో ఉన్న ఆరుగురూ ఆమె చేతి రొట్టె తిన్నవాళ్లే. చివరికి, "మాక్పా అక్కా, ఆలస్యం చేశాం" అన్నాడు కౌటక్. వెంటనే ఎవరో పాట పెట్టేశారు.

పాట అయ్యాక రేడియోకి ఫోన్లు మొదలయ్యాయి. "మాక్పా, కొత్తింట్లో దిగేముందు నా తోలు గీసే కత్తి తెచ్చివ్వవే, పట్టుకెళ్లి ఆరేళ్లయింది" అంది ఒక ముసలమ్మ. ఊరంతా నవ్వింది. రోడా కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"రేడియోలో నా పేరు చెప్పారు! అబ్బాయ్, మనకి ఇల్లొచ్చింది!" అని చిన్న మాక్పా సోఫా మీద గెంతింది. గెంతి గెంతి దగ్గు తెర వచ్చి కూలబడింది.

మర్నాడు ఆఫీసులో డారెన్ ముఖం కందిపోయి ఉంది. ముందురోజే తిరిగొచ్చిన లీటియా, కోటు వీపు సంచిలో పసిబిడ్డ నిద్రపోతుంటే, అటూ ఇటూ ఊగుతూ నిలబడి ఉంది.

"మామయ్యా, కూర్చో" అంది. కూర్చోమందంటే విషయం బాగోలేదని ఇనూకికి అప్పుడే తెలిసిపోయింది.

"పెద్దల ఇళ్లలో చిన్నపిల్లలు ఉండకూడదు. పై నుంచి వచ్చిన రూలు. మార్చడం కమిటీ చేతిలో కూడా లేదు. నీకు అరవై దాటాయి కాబట్టి నువ్వొక్కడివీ ఉండొచ్చు. పాప పగలంతా రావచ్చు, సైరన్ మోగేలోపు వెళ్లిపోవాలి."

"మా అమ్మని వదిలేసి నేనొక్కణ్ణీ ఏం చేసుకోను?"

"ఆవిడ మీ అమ్మని నాకు తెలుసు మామయ్యా. కాగితానికి తెలీదు."

"అయితే వద్దు. పిల్లలున్నవాళ్ల ఇల్లే ఇవ్వండి."

"వద్దంటే నీ పేరు జాబితా అడుక్కి పోతుంది. ఎనభై మూడో పేరు నీదవుతుంది."

"తప్పు నాదే. క్షమించండి" అన్నాడు డారెన్. నిజంగానే అన్నాడు. క్షమించినంత మాత్రాన గోడలు లేస్తాయా? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారి కూడా పాపం ఇద్దామనే చూశాడు.

ఇంటికొచ్చి ఇనూకి, లీటియా చేతిలో పెట్టిన కొత్తింటి తాళం చూపించి, "తాళం తిరిగిచ్చేస్తానక్కా" అన్నాడు.

రోడా అతని వైపు చూడకుండా టీ పోసింది. "ఇచ్చేసి? మాక్పా మళ్లీ ఆ బూజు పక్కన నేల మీద, నువ్వు సోఫా మీద. అంతేగా?"

"నేనే నేల మీద పడుకుంటాను."

"నీ నడుముకి నువ్వు రెండ్రోజులు పడుకుంటావు. ఆ తర్వాత ఆ పిల్లే నిన్ను సోఫా ఎక్కిస్తుంది, నాకు తెలీదా? ఒరేయ్, నువ్వు వెళితే రాత్రిళ్లు సోఫా దానిది. పగలు నీ దగ్గర మంచి గాలి. ఊరందరి ముందూ అమ్మా అమ్మా అంటావు కదా, అమ్మ కోసం ఒక సోఫా వదల్లేవా?"

ఆ పిల్లకి అతను చేయగలిగిన మేలంతా ఆమెకి దూరంగా పడుకోవడమేనని తేలింది. ఇలాంటి లెక్క ఎవడు కట్టాడో వాణ్ణి ఒక్క చలికాలం ఆ సోఫా మీద పడుకోబెట్టాలి.

మార్చిలో నాలుగో నంబరులో దిగాడు. సామాను ఒక సంచి, ఒక తుపాకీ, ఒక కెటిల్. మంచం మెత్తగా ఉంది. నేల వెచ్చగా ఉంది. స్నానాల గదిలో కడ్డీ మెరుస్తోంది, దాన్ని పట్టుకోవాల్సిన మనిషి ఐదేళ్ల క్రితమే మట్టిలో కలిసింది. పద్నాలుగు మంది ఊపిరి మధ్య పడుకున్నవాడికి, తన ఊపిరి తనకే వినపడుతుంటే నిద్ర పట్టలేదు. గురక పెట్టే బావ లేడు, తలుపు దడాలుమనిపించే మేనల్లుడు లేడు, అర్ధరాత్రి దగ్గొచ్చి, "అబ్బాయ్, నీళ్లు" అనే తల్లి లేదు. నీళ్లు ఎవరిచ్చారో ఏమోనని లేచి కూర్చునేవాడు. పాటలైపోయాక కూడా రేడియో కట్టేయకుండా ఉంచేవాడు. అతనికి దిగులు పట్టుకుంది. అరవై ఒక్క ఏళ్లవాణ్ణి, నాకు అమ్మ కావాలి అని ఎవరితో చెప్పుకుంటాడు?

మాక్పా బడి అవగానే వచ్చేది. వచ్చి చేప తిని, టీ తాగి, అతని మంచం మీద పడుకునేది. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఒక్క దగ్గు లేకుండా నిద్రపోయేది. ఇనూకి పక్కన కుర్చీ వేసుకుని ఆ నిద్రనే చూస్తూ కూర్చునేవాడు. ఆ నాలుగు గంటలే అతని ఇల్లు. మిగతాది వెచ్చటి గది. తొమ్మిది కావస్తుంటే ఆమెని తీసుకెళ్లడానికి రోడా మొగుడు, బావ, మంచుబండి చప్పుడయ్యేది.

ఏప్రిల్‌లో విమానంలో ఒక పెట్టె వచ్చింది. ఇల్లు ఖాయమైన సాయంత్రమే డారెన్ ముచ్చటపడి దక్షిణంలో చేయించమని పంపిన రేకు పలక అది. ఊరివాళ్ల భాష అక్షరాల్లో పైన మాక్పా, కింద ఇనూకి. పనివాడు ఎవర్నీ అడక్కుండా తలుపుకి బిగించి పోయాడు. సంగతి తెలిసి లీటియా స్క్రూడ్రైవర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఉండనీవే. ఏడేళ్లు ఎదురుచూసింది. పేరైనా ఉండనీ" అన్నాడు ఇనూకి.

లీటియా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నెలలోనే మాక్పాకి బడిలో అక్షరాలు వచ్చాయి. డబ్బాల మీద, సంచుల మీద, పడవల మీద, ఏది కనపడితే అది చదువుతోంది. ఒకరోజు సాయంత్రం బావ బయట బండి ఆపి పిలిచాడు. ఎండ ఇంకా ఉంది. ఇనూకి ఆమెకి బూట్లు తొడిగి తలుపు తీశాడు. మాక్పా గడప దాటి, వెనక్కి తిరిగి, పలక మీద వేలు పెట్టింది.

"మా... క్... పా." ఇంకోసారి చదివింది. "అబ్బాయ్! ఇది నా పేరు!"

"అవునమ్మా."

"నా పేరు పైనుంది. నీది కిందుంది."

"అవును."

"అయితే ఇది నా ఇల్లే కదా?"

ఇనూకి ఆమె టోపీ సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

"మరి నా ఇంట్లో నువ్వుంటున్నావు, నేనెందుకు వెళ్లిపోతున్నాను?"

తల్లికి అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. కొండ కింద నుంచి సైరన్ మొదలైంది.

"తొమ్మిదయిందమ్మా" అన్నాడు.

మాక్పా అతని ముఖంలోకి కాసేపు చూసింది. ఏమనుకుందో, చేతి తొడుగుతో అతని చెంప తుడిచింది.

"ఏడవకు అబ్బాయ్. రేపొస్తాగా. లోపలికి పో, చలి" అంది.

తల్లి మాట కాదనలేక ఇనూకి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.